తోక కింది గింజ

గొల్లపెంటలో గుంట తవ్వింది కరుణాకరమే. మోకాలి లోతున, రెండు బారల పొడవున తవ్వి, అడుగున ఎండిన కంది కంప పరిచి, కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టుకొని గట్టు మీద నిలబడ్డాడు. ఆడవాళ్లు ఆముదపు చేలోంచి గంపలు నెత్తిన పెట్టుకొని వచ్చి, ఒక్కొక్కరే గుంటలో గుమ్మరించి మళ్లీ చేలోకి పోతున్నారు.

గంపల నిండా దాసరి పురుగులు. నడుము పైకెత్తి దించుతూ, అడుగడుక్కీ దండం పెడుతున్నట్టు నడుస్తాయి కనుక వాటికా పేరు. ఆ ఏడు భాద్రపదంలో మార్కాపురం తాలూకా పడమటి పల్లెల్లో ఆముదం చేలన్నీ వాటి నోట పడ్డాయి. పల్లె పల్లెకూ పోయి పురుగును ఏరించి కాల్పించాలని పైఆఫీసు నుంచి హుకుం వచ్చింది. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు జగన్నాథం, ఆయన కింద పురుగుల మేస్త్రీ కరుణాకరం ఎద్దుబండి కట్టించుకొని బయలుదేరారు. మొదటి మజిలీ గొల్లపెంట.

జగన్నాథం వేపచెట్టు నీడన మడతకుర్చీలో కూర్చొని కరపత్రం చదివి వినిపిస్తున్నాడు. పాతికేళ్ల మనిషి, గుంటూరు వైపు వాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

“‘తోక క్రింద గ్రుడ్డుతో కూడిన పురుగులు మిక్కిలి అపాయకరములు. అట్టివానిని ముందుగా ఏరి దహింపవలెను.’ అంటే, కదలకుండా ఆకును పట్టుకొని ఉంటాయే, తోక కింద గోధుమరంగు గుడ్డు కనిపిస్తుందే, అవి. ముందు వాటిని ఏరండి.”

కరుణాకరం గుంటలోకి వంగి ఒక ఆకు తీశాడు. ఆకును కరుచుకొని ఉన్న పురుగు బతికే ఉంది. తల కొద్దిగా ఆడిస్తోంది. వెనక కాళ్ల కింద వడ్లగింజంత గూడు అంటుకొని ఉంది. బొటనవేలి గోటితో దాని కొనను తాకి చూశాడు. గట్టి పట్టు. నిలువునా సన్నని చారలు.

అది గుడ్డు కాదు. ఆకు తినే పురుగు గుడ్డు పెట్టదు, రెక్కలొచ్చి ఎగిరాక పెట్టాలి. ఇది కందిరీగ జాతిలో ఒక చిన్న నల్ల ఈగ గూడు. తల్లి ఈగ లేత దాసరి పురుగును పట్టుకొని దాని ఒంట్లోకి ఒక్క గుడ్డు పొడుస్తుంది. పిల్ల లోపలే పెరిగి, పురుగు రసం తాగి, చివరకు తోక దగ్గర తొలుచుకొని బయటికి వచ్చి, దాని కాళ్ల కిందనే గూడు కట్టుకుంటుంది. ఆ తరువాత దాసరి పురుగు ఆకు ముట్టదు. గూటికి కాపలా ఉన్నట్టు పట్టుకొని ఉండి, నాలుగు రోజుల్లో ఎండి రాలిపోతుంది. కోయంబత్తూరు వ్యవసాయ కాలేజీ పురుగుల శాలలో తొమ్మిదేళ్లు ఇలాంటి ఈగలను అట్టముక్కల కొసన జిగురు పెట్టి నిలబెట్టిన చెయ్యి కరుణాకరానిది. ఆ గూటిని చీకట్లో తడిమి గుర్తుపట్టగలడు.

ఆకు పట్టుకొని కుర్చీ దగ్గరికి పోయాడు.

“అయ్యా, ఇవి గుడ్లు కావు. ఈగ గూళ్లు. ఇవి పట్టిన పురుగు చచ్చినట్టే లెక్క. వీటిని కాలిస్తే…”

“మేస్త్రీ,” అన్నాడు జగన్నాథం, కరపత్రం మీద నుంచి తల ఎత్తకుండా. “రైతుల ముందరా?”

“ఒక్కసారి చూడండయ్యా.”

“నిప్పంటించు.”

కరుణాకరం గుంట దగ్గరికి వచ్చాడు. చేను గల లక్ష్మీనరసయ్య అక్కడే చంకన కర్ర పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ఊరికి పెద్ద రైతు. కరపత్రంలో విన్న మాట ఆయన మనసులో ఇంకా తిరుగుతున్నట్టుంది. “మేస్త్రీ, గుడ్డు పెట్టేది నిజంగా ఇదేనా?” అని అడిగాడు. “ఇన్నేండ్ల నుంచి సేద్యం చేస్తాండా. పురుగు గుడ్డు పెట్టేది నేను చూడలా.”

కరుణాకరం కిరసనాయిలు డబ్బా మూత తిప్పాడు. “పైవాళ్లు అచ్చేసిందే చెప్తాండాం మామా,” అన్నాడు.

పుల్ల గీసి పడేశాడు.

మరునాడు పుల్లలచెరువులో గుంట ఇంకా పెద్దది. అక్కడ కరుణాకరానికి ఇంకో సంగతి తెలిసొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న దాసరి పురుగు చెయ్యి తగలగానే కింద పడి మట్టిలో కలిసిపోతుంది. దాన్ని వెతకాలంటే నడుము విరుగుతుంది. గూడు పట్టినది మాత్రం కదలదు, పారిపోదు. గంప తొందరగా నిండాలని ఆడవాళ్లు దానినే గిల్లుతున్నారు. తినే పురుగు చేలోనే ఉండిపోతోంది. దాన్ని చంపే ఈగ మంటలోకి పోతోంది.

ఆ మాట చెప్పడానికి రెండుసార్లు జగన్నాథం దగ్గరికి పోయాడు. మొదటిసారి ఆయన కరణంతో మాట్లాడుతున్నాడు. రెండోసారి, “నిన్ననే చెప్పాను కదా,” అన్నాడు.

గుంట మండుతుంటే కరుణాకరం గంప అడుగున మిగిలిన గూళ్లు ఇరవై దాకా ఏరి, తన పెట్టెలోని గాజు గొట్టంలో వేసి, నోటికి దూది కుక్కాడు. ఎందుకు చేస్తున్నాడో అప్పుడు ఆలోచించలేదు. బండి యర్రగొండపాలెం దారి పట్టాక, జగన్నాథం దిండుకు ఆనుకొని కునుకు తీస్తుంటే, ఆ మెడ వైపు చూస్తూ పళ్లు కొరికాడు. చదువుకున్నవాడు. కాలేజీలో భూతద్దం ముందర కూర్చున్నవాడు. వినడానికి చెవి లేదు. అచ్చులో పడితే చాలు, పురుగుకు కూడా గుడ్డు పుడుతుంది వీళ్లకు. ఆ కోపంలో కాస్త సుఖం కూడా ఉంది. తను చెప్పాడు. చెప్పడం తన వంతు.

నల్లగుంట యర్రగొండపాలేనికి రెండు మైళ్లు. మూడో రోజు అక్కడికి చేరేసరికి మునసబు గురవయ్య ఊరి బయటికే ఎదురొచ్చాడు.

“మావాళ్లు పొద్దున్నించి ఏరుతానే ఉండారయ్యా. ఒక్క అలివేలమ్మ చేను మాత్రం మిగిలింది. మనుషుల్ని దిగనీయడంల్యా.”

“పురుగుల చట్టం సంగతి చెప్పావా?” అన్నాడు జగన్నాథం. “తను ఏరకపోతే రేపు మనమే మనుషుల్ని దించి ఆకుతో సహా దూయించాల్సి వస్తుంది.”

“చెప్పినా. ఆమె వినే మనిషి కాదు.”

“మేస్త్రీ, నువ్వు వెళ్లి చెప్పు.”

అలివేలమ్మ చేను వాగు గట్టు పక్కన మూడెకరాలు. భర్త మల్లయ్య మోకాళ్లు పట్టేసి మంచాన ఉన్నాడు. సేద్యమంతా ఆమెదే. యాభై ఏళ్లు ఉంటాయి. చీర కుచ్చిళ్లు పైకి దోపి, చేలో గొర్రు తోలిన చాళ్ల మధ్య నిలబడి ఉంది. కరుణాకరాన్ని చూసి కదల్లేదు.

“సర్కారు మనిషివా?”

“అవునమ్మా.”

“ఇట్ల రా.”

ఆమె ఒక మొక్క దగ్గరికి తీసుకుపోయింది. కింది ఆకులన్నీ ఈనెలు తప్ప మిగలలేదు. కొసన మాత్రం ఎర్రని చిగురు విచ్చుకొని అరచెయ్యంత అయింది.

“ఈ ఆకు చూడు. నాలుగు రోజులైంది వచ్చి. చిల్లు పడిందా?”

“పడలా.”

“ఎందుకు పడలా? పురుగు లేకనా?” ఆమె ఆకు తిప్పింది. వెనక రెండు దాసరి పురుగులు, రెంటికీ తోక కింద గూళ్లు. “తోక కింద గింజ పడినాక ఇది తినదు. పొద్దునా సాయంత్రం చూస్తానే ఉండా. పోయిన ఏడు పది పురుగుల్ని తెచ్చి మూకుడు కింద మూసి పెట్టినా. గింజలోంచి పురుగు రాలా. ఈగ వచ్చినాది. నల్లది, సన్న నడుముది. ఆ ఈగ చేలో తిరిగితే మళ్లీ పురుగు పడలా. దాన్ని కాల్చమంటాడా మీ అయ్య?”

కరుణాకరం ఆకును చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. తను తొమ్మిదేళ్ల సూదులూ జిగురూ పెట్టి నేర్చింది, ఈమె ఒక్క మూకుడుతో తెలుసుకుంది. అవునమ్మా, నువ్వు చెప్పేదే నిజం అనాలని నాలుక దాకా వచ్చింది. వాగు అవతల బండి దగ్గర జగన్నాథం తెల్ల టోపీ కనిపిస్తోంది.

“సాయంత్రం దాకా ఆగమ్మా,” అన్నాడు. “అయ్యతో మాట్లాడి వస్తా.”

“నీతో మాట్లాడుతుంటే అయ్య సంగతి ఎందుకు?” అంది ఆమె. అతను వినపడనట్టు గట్టు ఎక్కాడు.

చావడి వసారాలో పెట్టె తెరిచి గాజు గొట్టం బయటికి తీసేసరికి లోపల ఈగలు తిరుగుతున్నాయి. గూళ్ల కొనలు గుండ్రని మూతల్లా తెగి, పక్కకు వాలి ఉన్నాయి. చీమంత నల్లని ఈగలు, రెక్కల మీద పొగచూరినట్టు మచ్చ. కరుణాకరం ఒకదాన్ని వెలుతురుకు తిప్పి, ముందు రెక్కలో రెండో అడ్డ ఈనె కోసం చూశాడు. లేదు. ఆ ఈనె ఉంటే ఒక కుటుంబం, లేకుంటే ఇంకొకటి. సందేహం లేదు.

జగన్నాథం బల్ల ముందర కూర్చొని రిపోర్టు రాస్తున్నాడు. కరుణాకరం గొట్టమూ భూతద్దమూ ఆయన కాగితం మీదే పెట్టాడు.

జగన్నాథం కలం ఆపాడు. భూతద్దం అందుకోలేదు. గొట్టం వైపు ఒక్క చూపు చూసి, “మైక్రోప్లైటిస్,” అన్నాడు మెల్లగా.

వసారా బయట ఎద్దు గంట మోగింది. కరుణాకరానికి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ ఈగ శాస్త్రనామం తెలియక కాదు. ఆ పేరు తను రాసిన చీటీలు వందల్లో ఉంటాయి.

“తెలుసా అయ్యా మీకు?”

“పరీక్షలో వచ్చింది.”

“ఎప్పటి నుంచి తెలుసు? గొల్లపెంటలో తెలుసా?”

“బండిలో కరపత్రం మొదటిసారి చదివినప్పుడే తెలుసు.” జగన్నాథం కలం మూత పెట్టాడు. “అది రాసింది మా పైఅధికారి. రెండు వేల ప్రతులు అచ్చయినాయి. ఒకటి మద్రాసుకు కూడా వెళ్లింది. అందులో తప్పుందని ఎవరు రాయాలి? నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మేస్త్రీ. ఈ పర్యటన అయ్యాక ఆయనే నా కాగితం మీద సంతకం పెట్టాలి.”

“రైతుల చేలు పోతాండాయి.”

“ఈ పురుగు ఏటా వస్తుంది, ఏటా పోతుంది. ఈ ఏడు కాస్త ఎక్కువ రోజులు ఉంటుంది. అంతే.”

తెలియని మూర్ఖుడని కరుణాకరం మూడు రోజులుగా తిట్టుకున్నాడు. తెలిసిన మనిషి ఎదురుగా ఇంత నెమ్మదిగా కూర్చుంటాడని అనుకోలేదు. బల్లను తన్నాలనిపించింది. గొట్టం ఎత్తి దూది పీకాడు. ఈగలు ఒక్కొక్కటే గాజు అంచు మీదికి పాకి, మీసాలు ఆడించి, వసారాలోంచి ఎండలోకి ఎగిరిపోయాయి.

“రేపు పొద్దున ఆమె చేలో మనుషుల్ని దించాలి,” అన్నాడు జగన్నాథం, కలం మళ్లీ అందుకొని. “పదిమందిని చూసుకో.”

పొద్దున్నే గురవయ్య పన్నెండు మందిని తెచ్చాడు. ఊరు ఊరంతా వాగు గట్టు మీదికి వచ్చింది. అలివేలమ్మ చేను మొదట్లో అడ్డంగా కూర్చొని ఉంది. ఏడవడం లేదు, అరవడం లేదు. గట్టు మీది గడ్డిపోచలు తెంపి పక్కన పెడుతోంది.

“లెయ్ వదినా,” అన్నాడు గురవయ్య. “నా చేత చేయి పట్టి లేపించబాక.”

“మేస్త్రీ, కానీ,” అన్నాడు జగన్నాథం.

కరుణాకరం డబ్బా కింద పెట్టాడు.

“నేను అంటించను,” అన్నాడు. గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు. గట్టు మీది వాళ్ల వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టాడు. “ఈమె చెప్పేది నిజం. కరపత్రం తప్పు. ఇది గుడ్డు కాదు, ఈగ గూడు. పురుగు లేతగా ఉన్నప్పుడే ఈగ దాని ఒంట్లో గుడ్డు పెడతాది. ఆ పిల్ల పురుగును లోపలి నుంచి తింటాది. గింజ పడిన పురుగును చేలోనే ఉంచండి. గింజ లేకుండా నడుస్తా ఉన్నదాన్ని ఏరి చంపండి. ఇంతే. మూడు రోజులుగా మేం చేయించింది దీనికి తలకిందులు.”

జగన్నాథం మొహం ఎర్రబడింది. “నీ సంగతి మార్కాపురంలో చూస్తాను,” అని గొడుగు మూసుకొని బండి వైపు నడిచాడు. గురవయ్య ఒకసారి ఆయన వైపు, ఒకసారి జనం వైపు చూసి, పన్నెండు మందినీ చేత్తో వెనక్కి పొమ్మన్నాడు. తన చేను కూడా నిన్ననే ఏరించి ఉన్నాడు. అతని పెదవులు బిగుసుకుపోయాయి.

కరుణాకరానికి ఒళ్లంతా తేలికైంది. ఉద్యోగం పోయిందని తెలుసు. అయినా తేలికగానే ఉంది. అలివేలమ్మ లేచి చీర దులుపుకుంటూ దగ్గరికి వచ్చింది. ఏదో మంచి మాట అంటుందనుకున్నాడు.

“నీకు ఎప్పుడు తెలుసు?” అంది.

“ఏంది?”

“ఇది ఈగ గూడని. నిన్న నా చేలో నిలబడినప్పుడు తెలుసా?”

“తెలుసు.”

“దాని ముందర?”

“మొదటి రోజే తెలుసు. గొల్లపెంటలో. అయ్యకు చెప్పినా. ఆయన వినలా.”

“అయ్యకు చెప్పినావు.” ఆమె ఆ మాటను రుచి చూస్తున్నట్టు పలికింది. “పుల్ల గీసింది ఎవరు?”

కరుణాకరం కింద పెట్టిన డబ్బా వైపు చూశాడు.

“గొల్లపెంటలో ఎవురూ అడగలేదా నిన్ను? ఇది గుడ్డేనా అని ఒక్కరన్నా అడగలేదా?”

లక్ష్మీనరసయ్య మొహం, చంకన కర్ర, కళ్ల ముందుకు వచ్చాయి. “అడిగినారు,” అన్నాడు.

“ఏం చెప్పినావు?”

గట్టు మీద ఉన్నవాళ్లు వింటున్నారు. నిన్న సాయంత్రం నుంచి కరుణాకరంలో జగన్నాథం మీద కాలుతున్న కోపం అట్లాగే ఉంది, కానీ దాన్ని ఆయన మీద మోపి తను పక్కన నిలబడటానికి చోటు లేకుండా పోయింది. ఆయన బండిలో తెలుసుకున్నాడు, తను గుంట గట్టున తెలుసుకున్నాడు. తేడా అంతే.

అలివేలమ్మ చేలోకి పోయి గంప తెచ్చింది. మొక్కమొక్కకూ తిరిగి గింజ పట్టిన పురుగులున్న ఆకులను తొడిమలతో తుంచి గంపలో పరిచింది. ఒత్తుకోకుండా వరసకూ వరసకూ మధ్య పుల్లలు పెట్టింది. పైన పాత పల్చని చీర ముక్క కట్టింది. మధ్యాహ్నమైంది పని ముగిసేసరికి.

“నా చేలో ఇంకా ఉండాయి,” అంది గంప అతని ముందర పెట్టి. “ఇవి తీసుకపోయి నువ్వు కాల్చిన చేలో పెట్టు. నీ మొహం చూసి ఇచ్చేది కాదు. గొల్లపెంటోళ్లు నాకు ఏమీ చెడు చేయలా.”

గొల్లపెంటకు పద్నాలుగు మైళ్లు. గంప నెత్తిన పెట్టుకొని నడిచి, మరునాడు పొద్దున చేరాడు. లక్ష్మీనరసయ్య చేను చూసి గంప దించకుండానే ఆగిపోయాడు. కొత్త చిగురు ఒక్కటీ లేదు. కాడల మీద దాసరి పురుగులు దండాలు పెట్టుకుంటూ నడుస్తున్నాయి. ఒక్కదానికీ తోక కింద గింజ లేదు.

లక్ష్మీనరసయ్య వచ్చి గంప మీది గుడ్డ ఎత్తి చూశాడు.

“ఇవే కదా గుడ్డు పెట్టే పురుగులు? మళ్లీ తెచ్చి నా చేలో పోస్తావా?”

“గుడ్లు కావు మామా. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే చెప్పలా.”

“ఆ రోజు తెలిసి అబద్ధం చెప్పినోడివి, ఈ రోజు నిజం చెప్తాండావని నేనెట్ల నమ్మాల?”

“నమ్మబాక,” అన్నాడు కరుణాకరం. “గూళ్లు విచ్చుకునిందాకా ఉంటా. చూసినాక చెప్పు.”

“చేలో అడుగు పెట్టొద్దు.”

గట్టు అవతల, బండిదారి పక్కన, గంప ముందర పెట్టుకొని కూర్చున్నాడు. గూడు చితికిన ఆకులను ఏరి పారేశాడు. ఎండ ఎక్కితే గంప మీద తన తలగుడ్డ కప్పాడు. చీమలు ఎక్కకుండా చుట్టూ బూడిద పోశాడు. బూడిద అతను తవ్విన గుంటలోదే. ఆ పొద్దంతా పురుగు ఏరుకుంటున్న ఆడవాళ్లు అతని వైపు చూడకుండా పోయారు, వచ్చారు. ఒక ముసలామె మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి, అతని పక్కన పెట్టి పోయింది.

అతను వచ్చిన మూడో రోజు పొద్దున గుడ్డ కింద కదలిక కనిపించింది. లక్ష్మీనరసయ్య చేలోంచి చూసి, కర్ర ఆనించుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కరుణాకరం గుడ్డ కొంచెం ఎత్తి, చిన్న గాజు గొట్టంతో ఈగలను ఒక్కొక్కటే పట్టి భూతద్దం కింద చూస్తున్నాడు. చాలావాటిని మళ్లీ గుడ్డ కిందికి వదిలాడు. రెండింటిని మాత్రం వేళ్ల మధ్య నలిపేశాడు.

“వాటిని ఎందుకు చంపినావు?”

“ఇవి వేరే కుటుంబం. చూడు, పచ్చగా మెరుస్తాండాయి. రెక్కలో ఈనెలే లేవు. ఇవి మన ఈగ గూట్లోకి దూరి, లోపలి పిల్లను తిని వస్తాయి. గూడు కొనన మూత తెరుచుకొని వచ్చింది మన ఈగ. పక్కన చిల్లు పొడిచి వచ్చింది ఇది. ఇవి నీ చేలో పడితే మనకే నష్టం.”

లక్ష్మీనరసయ్య అతని మొహం వైపు తేరిపార చూశాడు. “తెచ్చినదాంట్లో చెడ్డది ఉందని నువ్వే చెప్తాండావు.”

“ఉంది కాబట్టి.”

ఆయన భూతద్దం అడిగి తీసుకున్నాడు. కన్ను చికిలించి, ముందుకు వెనక్కు జరిపి, చాలాసేపు చూశాడు. అద్దం కింద ఒక నల్ల ఈగ రెక్కలు దులుపుకుంటోంది. గూడు మూత దాని పక్కనే పడి ఉంది.

“ఆ పొద్దు మేం కాల్చినవి ఇవేనా?”

“ఇవే.”

“అన్నీ?”

“గంపల్లో సగానికి పైగా ఇవే.”

లక్ష్మీనరసయ్య భూతద్దాన్ని పంచె అంచుతో తుడిచి తిరిగి ఇచ్చాడు. కరుణాకరం మొహం చూడలేదు. వంగి రెండు చేతులతో గంప ఎత్తుకున్నాడు. ఈగలు నలగకుండా దాన్ని పొట్టకు ఆనించుకొని, కర్రను గట్టు మీదే వదిలేసి, చేలోకి దిగాడు. మొదటి సాలు మధ్యకు పోయి గుడ్డ ముడి విప్పాడు.

కరుణాకరం లేచి నిలబడ్డాడు. గట్టు దాటలేదు. అతన్ని ఎవరూ రమ్మనలేదు.